హుసేన్: అన్న పేరులోంచి పుట్టిన పేరు

పిల్లలకు పెట్టదగిన పేర్లను అర్థాలతో సహా అచ్చువేసే చిన్న పుస్తకాలలో హుసేన్ అనే పేరుకు ఎదురుగా దాదాపు ఎప్పుడూ 'అందమైనవాడు', 'మంచివాడు' అన్న మాటలే ఉంటాయి. అది తప్పు కాదు గాని, పూర్తి సమాధానం కూడా కాదు. అరబ్బీలో ఆ అర్థం సరిగ్గా సరిపోయేది హసన్ అనే పేరుకు. హుసేన్ అన్నది ఆ హసన్‌నే కుదించి, ముద్దుచేసి పలికిన రూపం. వ్యాకరణం ప్రకారం చూస్తే దాని అర్థం 'చిన్ని హసన్'. పేర్ల చరిత్ర మీద ఇష్టంతో నేను చాలాకాలంగా పోగుచేసుకుంటున్న సంగతులలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ పేరే. మదీనాలో పుట్టి, అటు పశ్చిమాఫ్రికా దాకా, ఇటు మన రాయలసీమ పల్లెల దాకా నడిచి వచ్చినా, అది దారి పొడుగునా తన అన్నను వెంటబెట్టుకునే తిరిగింది.

అరబ్బీ మాటలు ఎక్కువగా మూడు హల్లుల ధాతువుల నుంచి పుడతాయి. ఇక్కడి ధాతువు హ, స, న. ఆ మూడింటి మధ్య అచ్చులను మార్చుతూ, ముందు వెనకల ఒకటి రెండు అక్షరాలను చేర్చుతూ పోతే ఒక పెద్ద కుటుంబం తయారవుతుంది. హుస్న్ అంటే అందం. హసన్ అంటే మంచిదీ, చూడముచ్చటైనదీ. ఇహ్సాన్ అంటే మేలు చేయడం, ముహ్సిన్ అంటే ఆ మేలు చేసేవాడు, తహ్సీన్ అంటే ఒకదానిని మెరుగుపరచడం, లేదా బాగుందని మెచ్చుకోవడం. దేవుని 99 నామాలను అరబ్బీలో 'అల్ అస్మా అల్ హుస్నా' అంటారు. అక్కడి హుస్నా కూడా ఈ ఇంటి మాటే. మన ఊళ్లలో వినిపించే ఎహసాన్, మొహసిన్, తహసీన్, హస్నా, హుస్నా అనే పేర్లన్నీ ఒకే ధాతువు బిడ్డలని ఆ పేర్లు పెట్టుకున్నవారికే చాలామందికి తట్టదు. రూపంలోని అందానికీ నడతలోని మంచికీ అరబ్బీ ఇక్కడ వేరువేరు మాటలు వాడలేదన్నది గమనించదగిన విషయం. అందువల్ల హసన్‌ను 'అందగాడు' అని మాత్రమే తెలుగు చేస్తే, మంచితనం పక్కకు పోతుంది.

ఇక ముద్దు రూపం సంగతి. మొదటి హల్లుకు ఉకారమూ, రెండవ హల్లుకు ఐకారమూ చేర్చితే అరబ్బీలో ఏ నామవాచకమైనా చిన్నదవుతుంది. వ్యాకరణవేత్తలు దీనిని తస్గీర్ అంటారు. కల్బ్ అంటే కుక్క, కులైబ్ అంటే కుక్కపిల్ల. జబల్ అంటే కొండ, జుబైల్ అంటే చిన్న కొండ. సౌదీ అరేబియాలోని జుబైల్‌కు పనికి వెళ్లివచ్చిన తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ ఊరి పేరు ఇలా పుట్టినదే. కూత్ అంటే కోట, కువైత్ అంటే చిన్న కోట. కడప, రాయచోటి ప్రాంతాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ తరాలుగా మనవాళ్లు బతుకుతెరువుకు వెళుతున్న కువైట్ దేశం పేరు కూడా హుసేన్ అనే పేరు ఏ అచ్చులో పోతపోశారో ఆ అచ్చులోదే. మనుషుల పేర్లలో ఈ అచ్చుకు కొదవే లేదు. జుంద్ అంటే సేన, దాని నుంచి జునైద్. అబ్ద్ అంటే దాసుడు, దాని నుంచి ఉబైద్. ఉమైర్, జుహైర్, సుహైల్ కూడా ఇటువంటివే. ఆకాశంలో మనం అగస్త్య నక్షత్రమని పిలిచేదానిని అరబ్బులు సుహైల్ అంటారు. చివరకు ముహమ్మద్ ప్రవక్త పుట్టిన తెగ పేరైన ఖురైష్‌ను కూడా 'ఖిర్ష్' అనే మాటకు, అంటే సొరచేపకు, ముద్దు రూపమని పాత పండితులలో కొందరు వివరించారు. అంత ప్రతాపం గల తెగకు 'చిన్ని సొరచేప' అన్న పేరు ఉండడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఈ రూపానికి చిన్నతనమొక్కటే అర్థం కాదు. సందర్భాన్ని బట్టి అది ప్రేమను సూచిస్తుంది, ఒక్కొక్కసారి తక్కువచేయడాన్ని కూడా సూచిస్తుంది. హుసేన్ విషయంలో అది ప్రేమేనన్నదానికి ఆ పేరు పెట్టిన సందర్భమే సాక్ష్యం.

ముహమ్మద్ ప్రవక్త కుమార్తె ఫాతిమాకూ, ఆయన పినతండ్రి కొడుకైన అలీకీ మదీనాలో 625 ప్రాంతంలో మొదటి కొడుకు, 626లో రెండవ కొడుకు పుట్టారు. మొదటివాడు హసన్, రెండవవాడు హుసేన్. ప్రవక్త మాటలనూ చేతలనూ నమోదు చేసిన హదీసు సంకలనాలలో ఒక ప్రసిద్ధ కథనం ఉన్నది. బిడ్డ పుట్టగానే అలీ అతనికి హర్బ్ అని, అంటే యుద్ధమని, పేరు పెట్టాడట. ప్రవక్త వచ్చి, బిడ్డను చూపించమని, ఏ పేరు పెట్టారని అడిగి, కాదు, ఇతడు హసన్ అన్నారట. రెండవ బిడ్డ పుట్టినప్పుడు కూడా అదే జరిగింది. హర్బ్ అన్న పేరు మళ్లీ పోయి హుసేన్ వచ్చింది. ఆ కథనంలోనే మూడవ బిడ్డ పేరు ముహస్సిన్. మూడు పేర్లూ ఒకే ధాతువువి కావడం గమనించండి. మూసా ప్రవక్త సోదరుడైన హారూన్ ప్రవక్త కొడుకుల పేర్లైన షబ్బర్, షబ్బీర్, ముషబ్బిర్‌లకు సాటిగా తాను ఈ పేర్లు పెట్టానని ప్రవక్త చెప్పినట్లు కథనం ముగుస్తుంది. మన దేశంలో షబ్బీర్ అనే పేరు అంత విరివిగా ఉండడానికి మూలం ఇదే. ఉర్దూ కవులు హుసేన్ అనవలసిన చోట ఛందస్సు అవసరాన్ని బట్టి షబ్బీర్ అని కూడా అంటారు.

ఈ కథనం యథాతథంగా జరిగిందా అన్న చర్చ హదీసు పండితులది; షియా పండితులలో కొందరు హర్బ్ ప్రస్తావనను ఒప్పుకోరు. అయితే అందులో ఆ కాలపు నామకరణ పద్ధతి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఇస్లాంకు పూర్వపు అరబ్బులు కొడుకులకు కఠినమైన పేర్లు పెట్టుకోవడం మామూలు: హర్బ్ అంటే యుద్ధం, సఖ్ర్ అంటే బండరాయి, కల్బ్ అంటే కుక్క, అసద్ అంటే సింహం. శత్రువులు వినగానే జంకాలన్నది అందులోని ఉద్దేశమని పాత అరబ్బీ రచయితలు చెబుతారు. చెవికి ఇంపుగా, అర్థంలో మేలుగా ఉండే పేరు పెట్టాలన్న కొత్త అభిరుచి ఇస్లాంతో బలపడింది. ఏడవ నాడు బిడ్డ తల వెంట్రుకలు తీయించి, వాటి ఎత్తు వెండిని దానం చేసి, జంతుబలి ఇచ్చి చేసే అఖీఖా వేడుకకు కూడా హసన్ హుసేన్‌లకు జరిగినదే ఆదర్శంగా చెబుతారు. వారి వెంట్రుకల ఎత్తు వెండిని ఫాతిమా దానం చేసినట్లు పాత సంకలనాలు పేర్కొన్నాయి.

అన్నదమ్ముల పేర్లు ఎంతగా కలిసిపోయాయంటే, అరబ్బీ వారిద్దరినీ ఒకే మాటగా చేసింది. సంస్కృతంలో తల్లిదండ్రులిద్దరినీ కలిపి 'పితరౌ' అనే ద్వివచనం తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. తెలుగులో ద్వివచనం లేదు గాని అరబ్బీలో ఉన్నది. సూర్యచంద్రులిద్దరినీ 'రెండు చంద్రులు' అన్నట్లుగా 'అల్ ఖమరాన్' అంటారు. అదే తీరున హసన్ హుసేన్‌లు 'అల్ హసనాన్', విభక్తి మారితే 'అల్ హసనైన్'. మన దగ్గర హస్నైన్ అనే పేరు గలవారు కనబడితే, ఆ ఒక్క మనిషి పేరులో ఇద్దరున్నారన్నమాట.

అరబ్బీ గ్రంథాలలో ఈ పేరుకు ముందు చాలాసార్లు 'అల్' అనే ఉపపదం కనిపిస్తుంది: అల్ హుసేన్. పేరు ఒకప్పుడు విశేషణంగా ఉండేదని గుర్తుచేయడానికి ఆ ఉపపదాన్ని ఉంచుతారని వ్యాకరణవేత్తలు చెబుతారు. అల్ హసన్, అల్ అబ్బాస్ కూడా అటువంటివే. ఈ చిన్న సంగతి తెలిస్తే పాత పేర్లు చదవడం తేలికవుతుంది. మనం ఇబ్న్ సీనా అని పిలిచే మహావైద్యుని అసలు పేరు అబూ అలీ అల్ హుసేన్ ఇబ్న్ అబ్దుల్లా. 'ఇబ్న్ సీనా' అన్నది వంశంలో పైవాని పేరుతో వచ్చిన గుర్తు. 980 ప్రాంతంలో పుట్టి 1037లో హమదాన్‌లో మరణించిన ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు హుసేనే. ఆయన తాత పేరు హసన్ అని వంశక్రమం చెబుతుంది. 'అనల్ హఖ్', అంటే 'నేనే సత్యం', అన్న మాటతో ప్రసిద్ధుడై 922లో బాగ్దాద్‌లో ఉరికంబం ఎక్కిన సూఫీ హల్లాజ్‌ను మన దేశంలో అందరూ మన్సూర్ అంటారు గాని, మన్సూర్ ఆయన తండ్రి పేరు. ఆయన అల్ హుసేన్ ఇబ్న్ మన్సూర్. లోకం కొడుకును తండ్రి పేరుతో గుర్తుపెట్టుకున్న ఉదాహరణ ఇది.

దీనికి తిరుగుడు ఉదాహరణ మన వార్తాపత్రికలలోనే ఉన్నది. 1990, 1991లో గల్ఫ్ యుద్ధం రోజులలో 'సద్దాం హుసేన్' అన్న పేరు తెలుగువారి ప్రతి ఇంట్లోనూ వినిపించింది. కువైట్‌లో మనవాళ్లు చిక్కుకుపోయి ఉన్నందువల్ల అది దూరదేశపు వార్తగా ఉండలేదు. అక్కడ హుసేన్ అన్నది ఇంటిపేరూ కాదు, ఆయన పేరులోని రెండవ భాగమూ కాదు. అది ఆయన పుట్టకముందే పోయిన తండ్రి పేరు. ఈజిప్టు రచయిత తాహా హుసేన్ (1889–1973) పేరులోని హుసేన్ కూడా తండ్రిదే. అరబ్బీ పద్ధతిలో మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా వస్తాయి. మధ్యలోని 'ఇబ్న్' కాలక్రమంలో జారిపోయింది. ఇంటిపేరు ముందు వచ్చే మన పద్ధతికీ, ఇంటిపేరు చివర వచ్చే ఇంగ్లీషు పద్ధతికీ అలవాటుపడ్డ కళ్లకు ఇది తికమకగా ఉంటుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు బరాక్ హుసేన్ ఒబామా పేరులోని హుసేన్ ఆయన తాతది. కెన్యాకు చెందిన ఆ తాత ఇస్లాం స్వీకరించినప్పుడు ఆ పేరు తీసుకున్నాడు.

బిడ్డ పేరుతో తండ్రిని పిలవడం అరబ్బులకు మర్యాద. ఫలానా వాని తండ్రి అన్న ఈ పిలుపును కున్యా అంటారు. ప్రవక్త మనవడైన హుసేన్ కున్యా అబూ అబ్దుల్లా. జోర్డాన్‌ను 1952 నుంచి 1999 వరకు పాలించిన రాజు హుసేన్ తన కొడుక్కు అబ్దుల్లా అని పేరు పెట్టాడు. ఇప్పటి రాజైన ఆ అబ్దుల్లా తన పెద్దకొడుక్కు తిరిగి హుసేన్ అని తన తండ్రి పేరు పెట్టుకున్నాడు. అందుకే ఆ దేశ ప్రజలు రాజును ఆప్యాయంగా అబూ హుసేన్ అంటారు. ఆ పాత రాజు హుసేన్‌కు ఒక తమ్ముడున్నాడు, చాలాకాలం యువరాజుగా ఉన్నవాడు. ఆయన పేరు హసన్. ఇక్కడ అన్న హుసేన్, తమ్ముడు హసన్. వరుస తారుమారైనా జంట మాత్రం నిలిచింది.

ఇంతవరకు చెప్పినది పేరు. ఆ పేరు వినగానే వినేవారి మనసులో కదిలేది మాత్రం 680 అక్టోబరు 10వ తేదీన, హిజ్రీ 61వ సంవత్సరం ముహర్రం నెల పదవ రోజున, కర్బలాలో జరిగినది. ఖలీఫా ముఆవియా మరణించిన తరువాత గద్దెనెక్కిన అతని కొడుకు యజీద్‌కు విధేయత ప్రకటించడానికి హుసేన్ నిరాకరించాడు. కూఫా పట్టణం నుంచి రమ్మని ఉత్తరాలు వచ్చాయి. కుటుంబంతోనూ కొద్దిమంది అనుచరులతోనూ బయలుదేరిన ఆయనను యూఫ్రటీస్ నదికి దగ్గరలో అడ్డగించి, నీళ్లు అందకుండా చేసి, చివరకు చంపారు. సంప్రదాయం ఆయనతో మరణించినవారి సంఖ్యను 72గా చెబుతుంది. ఆ చరిత్ర వివరంగా చెప్పినవారు ఎందరో ఉన్నారు కనుక నేను పేర్ల దగ్గరే ఉంటాను. ఆ మైదానంలో ఎన్ని ముద్దు పేర్లు ఉన్నాయో చూడండి. హుసేన్ పక్షాన కుడివైపు దళానికి నాయకుడు జుహైర్. ఆయన పక్షానే పోరాడి చనిపోయిన ఖురాన్ పాఠకుడు బురైర్. ఆయన చిన్న కూతురు సుకైనా; మన హైదరాబాదు మర్సియాలలో, అంటే కర్బలా శోకగీతాలలో, సకీనాగా మారిన బిడ్డ ఈమే. వారి మీదికి సైన్యాన్ని పంపిన కూఫా పాలకుని పేరు ఉబైదుల్లా, అంటే 'దేవుని చిన్ని దాసుడు'. తల్లులు పొత్తిళ్లలో ముద్దుగా పిలుచుకున్న పేర్లే కత్తులు దూసి ఇరువైపులా నిలబడ్డాయి.

హుసేన్ తన కొడుకులకు పెట్టిన పేర్లు కూడా చెప్పుకోదగినవే. వారిలో అలీలు ముగ్గురని షియా సంప్రదాయం చెబుతుంది. తండ్రి పేరు మీది ప్రేమ అంతటిది. ఆ ముగ్గురిలో జైనుల్ ఆబిదీన్ అన్న బిరుదుతో ప్రసిద్ధుడైనవాడు కర్బలాలో జబ్బుపడి ఉండడం వల్ల బతికి బయటపడ్డాడు. వంశం నిలిచింది ఆయన వల్లనే.

ఆనాటి తరువాత యజీద్ అన్న పేరుకు పట్టిన గతి వేరు. అంతకుముందు అది గౌరవమైన పేరు. ప్రవక్త సహచరులలోనే ఆ పేరు గలవారున్నారు. అల్జీరియా వంటి దేశాలలో నేటికీ పెట్టుకుంటారు. మన వైపు మాత్రం బిడ్డకు ఆ పేరు పెట్టే తల్లిదండ్రులను నేను చూడలేదు; ఉర్దూ మాట్లాడే ఇళ్లలో అది తిట్టు. హుసేన్ అన్న పేరు షియాలకే పరిమితమని కొందరు అనుకుంటారు గాని, సున్నీలు కూడా ఆ పేరును అంతే విరివిగా పెట్టుకుంటారు. సున్నీ నగరమైన కైరోలో ఖాన్ అల్ ఖలీలీ బజారు పక్కన, ఫాతిమిద్ పాలకులు 1154లో కట్టించిన మందిరం చోట ఉన్న మసీదు ఆయన పేరు మీదిదే. అక్కడివారు ఆ పేటనే 'సయ్యిద్నా అల్ హుసేన్', మా స్వామి హుసేన్, అని పిలుస్తారు.

పశ్చిమాఫ్రికా చేరేసరికి ఈ పేరుకు మరొక పని దొరికింది. నైజీరియాలోని హౌసా భాష మాట్లాడేవారు కవలలు మగపిల్లలైతే మొదట పుట్టినవానికి హసన్, తరువాతివానికి హుసేని అని, ఆడపిల్లలైతే హసనా, హుసేనా అని పేరు పెడతారు. వారి తరువాత పుట్టిన బిడ్డకు గంబో అనే పేరు సిద్ధంగా ఉంటుంది. సెనెగల్‌లో మగ కవలలు అసన్, ఉసేను. అసలు అన్నదమ్ములు కవలలు కారు; అయినా జంటగా తప్ప వారిని ఊహించలేని లోకం వారిని కవలలకు గుర్తుగా చేసింది. సెనెగల్ వారి నోట హకారం జారిపోయి ఉసేనుగా మారిన తీరును గుర్తుంచుకోండి, మన పల్లెలకు వచ్చినప్పుడు అది మళ్లీ ఎదురవుతుంది.

మన దేశానికి వస్తే, ముహర్రం ఊరేగింపులలో గుండెలు బాదుకుంటూ 'యా హసన్, యా హుసేన్' అని జనం చేసే ఆక్రందన బ్రిటిషు సిపాయిల చెవికి మరొక విధంగా సోకింది. వారు దానిని 'హాబ్సన్ జాబ్సన్' అన్నారు. ఆ మాటే 1886లో హెన్రీ యూల్, ఏ.సీ. బర్నెల్ కూర్చిన ఆంగ్లో ఇండియన్ పదకోశానికి పేరయింది. ఒక శోకాన్ని వినోదపు మాటగా మార్చి పుస్తకం నుదుట అతికించడం నాకు రుచించదు; ఆ కోశం ఎంత పనికివచ్చేదైనా సరే. ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉన్నది. హసన్ కర్బలాలో లేడు. ఆయన అంతకు పదేళ్ల ముందే, 670లో, మదీనాలో మరణించాడు. యుద్ధంలో ఉన్నది ఆయన కొడుకు కాసిం. అయినా కర్బలా కోసం ఏడ్చే గొంతు మొదట పిలిచేది అన్ననే.

పారసీ, ఉర్దూ భాషలు ఈ పేరుకు తోకలూ తలలూ చేర్చి కొత్త పేర్లు కట్టాయి. గులాం హుసేన్ అంటే హుసేన్ దాసుడు. ఫిదా హుసేన్ అంటే హుసేన్ కోసం ప్రాణమిచ్చేవాడు. చిత్రకారుడు మక్బూల్ ఫిదా హుసేన్ పేరు మధ్యలో ఉన్నది ఆ మాటే. జాకిర్ హుసేన్ అంటే హుసేన్‌ను తలచేవాడు. జాకిర్ అని ముహర్రం సభలలో కర్బలా వృత్తాంతం చెప్పేవారిని కూడా అంటారు. 1967లో భారత రాష్ట్రపతి అయిన జాకిర్ హుసేన్ 1897లో పుట్టినది హైదరాబాదులోనే.

హైదరాబాదు నగరంలో ఈ పేరు లేని మూల లేదు. షియాలైన కుతుబ్ షాహీలు నగరం కడుతూనే సంతాప మందిరాన్ని కూడా కట్టారు. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1594లో కట్టించిన బాద్షాహీ ఆషూర్ఖానా ఇప్పటికీ నిలిచి ఉన్నది. పాతనగరంలోని హుసేనీ ఆలం పేట పేరు హుసేన్ పేరిట నిలిపిన ఆలం, అంటే ముహర్రం జెండా, నుంచి వచ్చింది. అయితే తెలుగువారందరికీ తెలిసిన హుసేన్ సాగర్‌కు మాత్రం కర్బలా హుసేన్‌తో నేరుగా సంబంధం లేదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562లో, ఆ చెరువు తవ్వకాన్ని చూసిన సూఫీ హజ్రత్ హుసేన్ షా వలీ పేరు దానికి నిలిచింది. ఆయన పేరు ఎవరి పేరు మీద పెట్టినదో వేరే చెప్పనక్కరలేదు.

నగరం దాటితే పేరు మతం హద్దును కూడా దాటుతుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ పీర్ల పండుగ ఊరంతటి పండుగ. ముస్లిం ఇల్లు ఒక్కటి కూడా లేని ఊళ్లలో సైతం పీర్ల చావిడి ఉంటుంది. పీర్లకు దట్టీలు కట్టి, ఊదు వేసి, మలీద పంచి, అలావా అనే నిప్పుల గుండం చుట్టూ ఆడి, దానిని తొక్కుతారు. ఆ పీర్లలో హసన్, హుసేన్ జంటగా లేస్తారు. హసన్ కొడుకు కాసిం పెళ్లికొడుకుగా లేస్తాడు. కేకలలో వినిపించే 'దూలా' అన్న మాట ఉర్దూలోని దూల్హా, అంటే పెళ్లికొడుకు. పీర్లకు మొక్కుకున్న తరువాత బిడ్డ పుడితే, ఆ బిడ్డ ఏ కులంలో పుట్టినా హుసేనప్ప అనో హుసేనమ్మ అనో పేరు పెట్టడం రాయలసీమలో పాత అలవాటు. అనంతపురం ప్రాంతంలో గూగూడు కుళ్ళాయిస్వామి పేరు మీద హిందూ ముస్లిం భేదం లేకుండా కుళ్ళాయప్పలు పుట్టినట్లే ఇది కూడా. మా చుట్టుపక్కల హుసేనప్ప అన్న పేరు విన్నంత మాత్రాన ఆ మనిషి ఏ దేవునికి దండం పెడతాడో చెప్పలేకపోయేవాళ్లం. చెప్పవలసిన అవసరమూ ఎవరికీ ఉండేది కాదు. దూదేకుల కుటుంబాలలో హుసేనయ్య అన్నది కూడా అంతే సహజంగా వినబడుతుంది.

అప్ప, అయ్య, అమ్మ అన్నవి తెలుగు పెద్దరికపు ప్రత్యయాలు. అరబ్బీలో చిన్నది చేసిన పేరును తెలుగు ఇలా మళ్లీ పెద్దది చేసింది. ఒకే ఇంట్లో ఇద్దరికీ అదే పేరు పెట్టవలసి వస్తే పెద్ద హుసేనప్ప, చిన్న హుసేనప్ప అవుతారు. అప్పుడు ఆ రెండవ పేరులో చిన్నతనం అరబ్బీలో ఒకసారి, తెలుగులో ఒకసారి, పెద్దరికం మళ్లీ ఒకసారి ఉంటాయి. మాట్లాడేటప్పుడు పదాదిలోని హకారం చాలామంది నోట నిలవదు కనుక ఉసేనప్ప, ఉసేను అని వినిపిస్తుంది. ఆ హకారాన్ని అరబ్బులు గొంతు లోతు నుంచి ఒక ప్రత్యేకమైన ధ్వనిగా పలుకుతారు. పారసీ, ఉర్దూలలోనే అది మామూలు హకారమైపోయింది. మన పల్లె నోరు దానిని మరొక మెట్టు దించిందంతే.

సంగీతం వినేవారికి ఈ పేరు మరొక దారిన పరిచయం. ఖరహరప్రియ జన్యమైన హుసేని రాగంలో క్షేత్రయ్య పదాలున్నాయి, త్యాగరాజస్వామి కీర్తనలున్నాయి. తురుష్క, అరబ్బు సంగీతాలలో హుసేనీ అనే మఖాం, అంటే మన రాగం వంటిది, ఉన్నది. గోపాలుని మీద పదం పాడుతున్న గాయని, రాగం పేరు చెప్పే క్షణంలో, తెలిసో తెలియకో కర్బలా వీరుని పేరు పలుకుతుంది.

చివరగా రాత విషయం. అరబ్బీ లిపిలో హ్రస్వాచ్చులు రాయరు కనుక, ఉర్దూలో 'హసీన్' అంటే అందమైన అనే మాటా, హుసేన్ అనే పేరూ ఒకే అక్షరాలతో ఉంటాయి. వాక్యాన్ని బట్టి పోల్చుకోవాలి. తెలుగు లిపికి ఆ ఇబ్బంది లేదు. గ్రంథపు అరబ్బీ ఉచ్చారణ హుసైన్‌కు దగ్గర. ఈజిప్టు వాడుక భాషలో అది హుసేన్ అనే వినిపిస్తుంది కనుక మన హుసేన్‌ను అపభ్రంశమనడానికి వీలులేదు. సకారానికి ఒత్తు ఇచ్చి హుస్సేన్ అని రాయడం పత్రికలలో స్థిరపడిపోయింది, ఆ ఒత్తు బహుశా ఇంగ్లీషు వర్ణక్రమం చూసి వచ్చినది. అరబ్బీలో మాత్రం సకారం ఒత్తడం చిన్న విషయం కాదు, ఒత్తితే వేరే పేరవుతుంది. హసన్ వేరు, హస్సాన్ వేరు. ప్రవక్త ఆస్థానకవిగా పేరొందిన హస్సాన్ ఇబ్న్ సాబిత్ పేరు ఈ రెండవది, అది మరొక అచ్చులో పోసిన పేరు. అందుకే నేను ఒత్తు లేకుండా హుసేన్ అని రాస్తాను. ఇప్పటికే ధ్రువపత్రాలలోనూ ఆధార్ కార్డులలోనూ హుస్సేన్ అని ఉన్నవారు దానిని దిద్దించుకోవడానికి కార్యాలయాల చుట్టూ తిరగనక్కరలేదు. పిలిచేటప్పుడు ఒత్తు తీసి పిలిస్తే చాలు.